ఇంటి నుంచి ఒక పూట ముందే వెళ్ళిపోండి

సరుకు విమానాలు నడిపేవాళ్ళకి, వాళ్ళతో కాపురం చేసేవాళ్ళకి నా దగ్గర కొన్ని సలహాలున్నాయి. వింటే చాలామందికి తిక్కగా తోస్తాయి. పుణ్యానికి దొరికే సీటు వదిలేసి డబ్బు పోసి టికెట్ కొనమంటాను. రాత్రి రెండున్నరకు డ్యూటీ ఉంటే పట్టపగలే ఆ ఊళ్ళో దిగమంటాను. కెప్టెన్ అయ్యే అవకాశం వస్తే ఇంకొన్నాళ్ళు ఆగమంటాను. మేనకోడలి ఓణీల ఫంక్షన్‌కి పిలుపొస్తే వెళ్ళొద్దంటాను. మా ఆయన డాలస్‌లో కాపురముండి మెంఫిస్ నుంచి రాత్రిళ్ళు కార్గో విమానం నడుపుతారు. పైలట్ల గదిలో పాతవాళ్ళు కొత్తవాళ్ళకు చెప్పే చిట్కాలన్నీ ఆయన నోట విన్నాను. అన్నీ డబ్బు మిగుల్చుకోవడానికో, ఇంట్లో ఇంకో పూట గడపడానికో పనికొచ్చేవి. నిద్ర మిగుల్చుకునే చిట్కా ఒక్కటీ వినపడలేదు. నేను చెప్పేవన్నీ నిద్ర కోసమే.

ఈ రాకపోకల సంగతి తెలియనివాళ్ళకు ముందుగా నాలుగు మాటలు. అమెరికాలో పైలట్ ఏ ఊళ్ళో ఇల్లు పెట్టుకున్నాడో కంపెనీకి పట్టదు. ఏ ఊళ్ళో డ్యూటీ ఎక్కాలో మాత్రం కంపెనీయే చెబుతుంది. ఆ ఊరే బేస్. ఫెడెక్స్ పైలట్లకు పెద్ద బేస్ మెంఫిస్, యూపీఎస్ వాళ్ళకు లూయీవిల్. రెండు కంపెనీలకూ అలాస్కాలోని ఆంకరేజ్‌లో కూడా బేస్ ఉంది. ఇంటి నుంచి బేస్‌కు చేరడం పైలట్ సొంత తంటా. ఆ ప్రయాణం డ్యూటీ గంటల్లోకి రాదు. దానికి జీతం లేదు. ఆ ఖర్చును ఆదాయపు పన్నులో చూపించుకోవడానికీ వీల్లేదు. అయినా ఎంతోమంది అలాగే బతుకుతున్నారు. భార్య ఉద్యోగం ఒక ఊళ్ళో, పిల్లల బడి అదే ఊళ్ళో, పెద్దవాళ్ళకు అలవాటైన డాక్టరు అక్కడే. పైగా విమానాల్లో పనిచేసేవాళ్ళ జీతం మీద, వాళ్ళు ఎగిరి వెళ్ళిన ప్రతి రాష్ట్రమూ పన్ను వేయకుండా ఫెడరల్ చట్టం అడ్డుపడుతుంది. టెక్సస్‌లో ఉన్నవాళ్ళకు రాష్ట్రపు ఆదాయపు పన్నే లేదు. ఇన్ని వదులుకుని ఇల్లు ఎత్తేసి వెళ్ళడం తేలిక కాదు.

అందుకే బేస్ ఉన్న ఊరికే మారిపోండి అని అందరూ చెప్పే సలహా నేను చెప్పను. ముఖ్యంగా చేరిన మొదటి ఏడాది అక్కడ ఇల్లు కొననే కొనకండి. 2025 నవంబరు 4న లూయీవిల్‌లో యూపీఎస్ ఎండీ-11 కూలిపోయింది. ఆ వారంలోనే అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఆ రకం విమానాలన్నిటినీ నేల మీద నిలిపేసింది. ఇలా నడిపే విమానం మారాల్సి వస్తే మళ్ళీ శిక్షణ, ఒక్కోసారి దానితోపాటు బేస్ కూడా మారుతుంది. పాలు పొంగించిన ఇల్లు ఏడాది తిరక్కుండా అమ్మకానికి పెట్టేకన్నా, రాకపోకలు పడటమే నయం. కాకపోతే పడే పద్ధతి మార్చుకోవాలి.

కార్గో కంపెనీల రాత్రి ఎలా నడుస్తుందో తెలిస్తే నా మొదటి సలహా అర్థమవుతుంది. 1973 ఏప్రిల్ 17 రాత్రి ఫెడెక్స్ 14 చిన్న ఫాల్కన్ విమానాలతో 25 ఊళ్ళకు పని మొదలుపెట్టింది. ఆ రాత్రి మోసింది 186 పార్సిళ్ళు. ఇవాళ విమానాలు పెద్దవయ్యాయి, లెక్క లక్షల్లోకి వెళ్ళింది, కానీ పద్ధతి అదే. సాయంత్రం దేశం నలుమూలల నుంచి బయల్దేరిన విమానాలు అర్ధరాత్రికి అటూ ఇటూగా ఒకే చోట దిగుతాయి. రెండు మూడు గంటల్లో పార్సిళ్ళు వేరుపడతాయి. తెల్లవారకముందే అన్నీ మళ్ళీ లేస్తాయి. లూయీవిల్‌లో యూపీఎస్ హబ్ వరల్డ్‌పోర్ట్‌ది కూడా ఇదే కథ. కాబట్టి డాలస్‌లో ఉన్న పైలట్‌కు అన్నిటికన్నా వీలైన ప్రయాణం తన కంపెనీ విమానమే. రాత్రి తొమ్మిదింటిదాకా పిల్లలతో ఉండి, అన్నం తిని, తన ఊరి నుంచి మెంఫిస్ వెళ్ళే కార్గో విమానంలో జంప్‌సీటు, అంటే పైలట్లకు ఉచితంగా ఇచ్చే అదనపు సీటు, ఎక్కితే, సరిగ్గా డ్యూటీ వేళకు దిగుతాడు. టికెట్ ఖర్చు లేదు, హోటల్ ఖర్చు లేదు, ఇంట్లో ఒక రోజు మిగిలింది. పాతవాళ్ళు మెచ్చుకుని చెప్పే చిట్కా ఇదే.

ఆ విమానం ఎక్కకండి. లెక్క వేసి చూడండి. ఉదయం ఏడింటికి పిల్లల్ని బడికి పంపడానికి లేచారు. రాత్రి రెండున్నరకు డ్యూటీ ఎక్కారు. డాలస్ టైము ప్రకారం ఉదయం ఆరున్నరకు నెవార్క్‌లో దిగారు. చక్రాలు నేలకు తాకేసరికి మీరు మేలుకుని ఇరవైమూడున్నర గంటలు. అదీ ఒంట్లో నిద్రమత్తు అన్నిటికన్నా గట్టిగా పట్టే వేళ, రెండింటికీ ఆరింటికీ మధ్య పనిచేసి. పైలట్ల రాకపోకల మీద అమెరికా జాతీయ అకాడమీలు 2011లో ఒక నివేదిక ఇచ్చాయి. డ్యూటీ ముగిసే వేళకు పైలట్ మేలుకుని దాదాపు 16 గంటలు దాటకూడదని, డ్యూటీకి ముందు కనీసం ఆరు గంటలు నిద్ర పట్టేలా చూసుకోవాలని అందులో ఉంది. ఆ పదహారును వెనక్కి లెక్కిస్తే, ఆరున్నరకు దిగే మనిషి అంతకుముందు మధ్యాహ్నం రెండున్నరకన్నా ముందు నిద్ర లేచి ఉండకూడదు. కాబట్టి పద్ధతి ఇది: మధ్యాహ్నం పన్నెండింటికల్లా బేస్‌లో దిగండి, రెండింటికి గదిలో ఉండండి, మూడింటి నుంచి రాత్రి పదింటిదాకా పడుకోండి. ఏడు గంటలు పడుకుంటే అందులో ఆరు గంటలే నిద్ర పట్టినా చాలు. లేచాక తెల్లవారి ఆరున్నరకు ఎనిమిదిన్నర గంటలే అవుతుంది.

ఇంట్లో ఒక పగలు పోతుంది. నిజమే. మా చిన్నదాని బడిలో మధ్యాహ్నాల కార్యక్రమాలకు వాళ్ళ నాన్న ఎన్నోసార్లు లేరు. అది చిన్న నష్టమని నేను అనను. ఆ నష్టం మేమిద్దరం తెలిసే ఒప్పుకున్నాం. ఎందుకో చెబుతాను.

2009 ఫిబ్రవరి 12 రాత్రి న్యూయార్క్ రాష్ట్రంలో బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ 3407 విమానం కూలి 50 మంది చనిపోయారు. అది ప్రయాణికుల విమానం. కానీ అందులోని ఫస్ట్ ఆఫీసర్, అంటే కో-పైలట్, ప్రయాణం చూడండి. ఆమె ఇల్లు సియాటిల్ వైపు, బేస్ నెవార్క్. ముందు రాత్రి సియాటిల్ నుంచి ఫెడెక్స్ విమానంలో జంప్‌సీటు మీద మెంఫిస్ వచ్చింది. అక్కడ వేచి ఉండి ఇంకో ఫెడెక్స్ విమానంలో తెల్లవారేసరికి నెవార్క్ చేరింది. పగలంతా పైలట్ల గదిలోనే గడిపి రాత్రి తొమ్మిది దాటాక గాల్లోకి లేచింది. కెప్టెన్ ఫ్లోరిడా నుంచి వచ్చేవాడు. అతనూ అంతకుముందు రాత్రి పైలట్ల గదిలోనే గడిపాడు. వేగం పడిపోయి హెచ్చరిక మోగినప్పుడు కెప్టెన్ చేయాల్సిన దానికి విరుద్ధంగా చేశాడని దర్యాప్తు తేల్చింది. అలసట వాళ్ళ పనితీరును దెబ్బతీసి ఉండొచ్చని, ఎంత మేరకో కచ్చితంగా చెప్పలేమని కూడా రాసింది. ఆ అమ్మాయి చేసింది వేరేవాళ్ళు రోజూ చేసేదే. తప్పు చేస్తున్నానని ఆమెకు తోచి ఉండదు. అందుకే ఈ మాట ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఆ ప్రమాదం తర్వాత కొత్త విశ్రాంతి నిబంధనలు వచ్చాయి. డ్యూటీకి ముందు పది గంటల విశ్రాంతి, అందులో ఎనిమిది గంటలు అంతరాయం లేని నిద్రకు వీలు. రాత్రి డ్యూటీ అయితే పనిచేయగల గరిష్ఠ గంటలు తక్కువ. 2014 జనవరి 4 నుంచి అవి అమల్లో ఉన్నాయి, ప్రయాణికుల విమానాలకు మాత్రమే. కార్గోను వదిలేశారు. ఖర్చుతో పోలిస్తే లాభం తక్కువని ఎఫ్‌ఏఏ వాదన. యూపీఎస్ పైలట్ల సంఘం కోర్టుకు వెళ్ళి 2016లో ఓడిపోయింది. అందరికన్నా ఎక్కువగా రాత్రిళ్ళు ఎగిరేవాళ్ళకే పాత నిబంధనలు మిగిలాయి. వాటి కింద పదహారు గంటల డ్యూటీ కూడా పడవచ్చు. సంఘం కుదుర్చుకున్న కాంట్రాక్టు కొంత అడ్డం పడుతుంది. మిగతాది ఎవరికి వాళ్ళే చూసుకోవాలి. పైలట్‌కు ఎంత విశ్రాంతి కావాలన్నది వెనక కూర్చున్న మనుషుల్ని బట్టి తేల్చడం అన్యాయం. ముందు కూర్చున్నవాళ్ళూ మనుషులే, కింద ఊళ్ళో పడుకున్నవాళ్ళూ మనుషులే.

ఆ నిబంధనలు ఇంకా అమల్లోకి రాకముందే, 2013 ఆగస్టు 14 తెల్లవారుజామున లూయీవిల్ నుంచి వెళ్ళిన యూపీఎస్ 1354 అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో రన్‌వే చేరకముందే నేలకు తగిలింది. ఇద్దరు పైలట్లూ పోయారు. సరైన ఎత్తు చూసుకోకుండా దిగడం ముఖ్య కారణమని, ఫస్ట్ ఆఫీసర్ అలసట అందుకు తోడైందని, కెప్టెన్ పొరపాట్లకూ బహుశా అలసట ఒక కారణమని దర్యాప్తు తేల్చింది. బయల్దేరే ముందు వాళ్ళిద్దరూ మాట్లాడుకున్న విషయం కార్గో పైలట్లకు విశ్రాంతి నిబంధనలు వేరుగా ఉండటం గురించే. ఫస్ట్ ఆఫీసర్ విషయంలో దర్యాప్తు ఇంకో మాట రాసింది: డ్యూటీ లేని గంటలు దొరికినా ఆమె వాటిని నిద్రకు సరిగా వాడుకోలేదని. ఆ వాక్యం ఇంట్లో ఉండే మనం చదవాలి. ఆ గంటలు పైలట్‌వి మాత్రమే కావు. ఇంటివాళ్ళు, స్నేహితులు, ఫోన్లు, పనులు అన్నీ వాటి మీదే పడతాయి.

ఇక జంప్‌సీటు. నాకు దాని మీద ఎంతో గౌరవం ఉంది. ముక్కూ ముఖం తెలియని పైలట్‌ను కాక్‌పిట్‌లో తమ వెనక కూర్చోబెట్టుకోవడం చిన్న నమ్మకం కాదు. 1994 ఏప్రిల్ 7న మెంఫిస్‌లో లేచిన ఫెడెక్స్ 705లో జంప్‌సీటు ఎక్కిన సొంత కంపెనీ ఉద్యోగే గిటార్ పెట్టెలో తెచ్చుకున్న సుత్తులతో ముగ్గురు సిబ్బంది తలలు పగలగొట్టాడు. నెత్తురోడుతూనే వాళ్ళు అతన్ని అణిచి, విమానాన్ని తిరిగి మెంఫిస్‌లో దించారు. అయినా పైలట్లు ఒకరికొకరు ఆ సీటు ఇవ్వడం మానలేదు. 2001 తర్వాత కొన్నాళ్ళు ఇతర కంపెనీల వాళ్ళకు కాక్‌పిట్ తలుపు మూసుకుపోయినా, మనిషి ఎవరో, ఉద్యోగంలో ఉన్నాడో లేదో కంప్యూటర్‌లో సరిచూసుకునే ఏర్పాటు పెట్టి మళ్ళీ తెరిచారు. కెప్టెన్ ఒప్పుకుంటేనే ఎక్కాలి. కాక్‌పిట్‌లో కూర్చుంటే సిబ్బందిలో ఒకరికిందే లెక్క. పదివేల అడుగుల లోపు అనవసరంగా నోరు విప్పకూడదు.

అంటే అది విశ్రాంతి తీసుకునే చోటు కాదు. పైగా దొరుకుతుందన్న హామీ లేదు. బరువు ఎక్కువైందనో, ఇంకొకరు ముందొచ్చారనో ఆగిపోతే తర్వాతి విమానం కోసం గేటు గేటుకూ తిరగాలి. నా సలహా: డ్యూటీకి వెళ్ళేటప్పుడు టికెట్ కొనండి, ఇంటికి వచ్చేటప్పుడు జంప్‌సీటు ఎక్కండి. రావడం ఆలస్యమైతే మేం ఎదురు చూస్తాం, అంతే. వెళ్ళడం ఆలస్యమైతే ఆ ఆలస్యమంతా మీ నిద్రలోంచి పోతుంది. వరసగా రెండు విమానాలకు ప్రయత్నించి దొరక్కపోతే శిక్ష ఉండదని చాలా కాంట్రాక్టుల్లో రాసి ఉంటుంది. ఆ హామీ ఉద్యోగాన్ని కాపాడుతుంది కానీ రెండో విమానం కోసం పరుగెత్తి అలిసిపోయిన ఒంటిని కాపాడదు. కొన్న సీటు వెనక్కి వాలుతుంది, ఎవరి దయా అక్కర్లేదు. నెలనెలా ఆ డబ్బు ఇంటి బడ్జెట్‌లో కరెంటు బిల్లు పక్కనే రాసుకోండి. మిగిలితే ఖర్చు పెడదాం అనుకుంటే ఎప్పటికీ మిగలదు.

గది గురించి కూడా ఇదే అంటాను. బేస్ ఊళ్ళల్లో పైలట్లు కలిసి అద్దెకు తీసుకునే ఇళ్ళను క్రాష్‌ప్యాడ్‌లంటారు. ఒక గదిలో రెండు మూడు మంచాలు, ఒకదాని మీద ఒకటి. తక్కువ అద్దెకైతే ఏ మంచం ఖాళీగా ఉంటే అదే మీది. కాస్త ఎక్కువిస్తే మీ మంచం మీకే. ప్రయాణికుల కంపెనీల పైలట్లకు అది సరిపోవచ్చు, వాళ్ళలో చాలామంది పడుకునేది రాత్రి. పగలు పడుకోవాల్సిన మనిషి పక్కన ఒకడు సూట్‌కేసు సర్దుతుంటాడు, ఇంకొకడు కాఫీ గిన్నె కడుగుతుంటాడు, మూడోవాడికి అలారం మోగుతుంది. ఎవరి తప్పూ కాదు. కంపెనీలు హబ్‌లో పెట్టిన నిద్ర గదులు మంచివే, రెండు విమానాల మధ్య గంట కునుకుకు వాటిని తప్పకుండా వాడుకోండి. ప్రయాణం తర్వాతి అసలు నిద్రకు మాత్రం తలుపు మూసుకునే సొంత గది కావాలి, చీకటి కర్టెన్లు కావాలి. ఒక్కరే ఉండే గది విలాసమని తోటివాళ్ళు వెక్కిరిస్తే వెక్కిరించనివ్వండి.

మన దేశంలోనూ హైదరాబాద్‌లో ఇల్లు, చెన్నైలో బేస్ ఉన్న కార్గో పైలట్‌కు ఇదే లెక్క. బ్లూ డార్ట్ విమానాలు చెన్నై కేంద్రంగా రాత్రిళ్ళే తిరుగుతాయి. సాయంత్రం ఫ్లైట్‌కు శంషాబాద్ వెళ్ళి, దిగినవెంటనే డ్యూటీకి తయారయ్యేకన్నా, ముందురోజు సాయంత్రం చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి నడుము వాల్చి వెళ్ళడం నా దృష్టిలో మేలు. పైలట్ రైల్లో వెళ్ళడమేంటని మామగారు అడగొచ్చు. తెల్లారి చెన్నైలో దిగాక పగలంతా చేతిలో ఉంటుంది, మధ్యాహ్నం నిద్రకు తొందర లేదు.

కెప్టెన్ పదవి గురించి నేను చెప్పేది మా ఆయనకే ఒకప్పుడు రుచించలేదు. ఈ ఉద్యోగంలో అన్నీ సీనియారిటీ వరసలోనే దొరుకుతాయి: ఏ ట్రిప్పు, ఏ రోజులు, ఏ సెలవు. ఫస్ట్ ఆఫీసర్లలో పైవరసన ఉన్న మనిషి కెప్టెన్ కాగానే ఆ వరసలో అడుగుకు చేరతాడు. అక్కడ దొరికేది రిజర్వ్, అంటే ఫోన్ వస్తే చెప్పిన గంటల్లో డ్యూటీలో ఉండటానికి సిద్ధంగా బేస్‌లోనే కూర్చోవడం. బేస్‌లో ఇల్లున్నవాడు సొంత మంచం మీద పడుకుని ఆ ఫోన్ కోసం చూస్తాడు. దూరంలో ఉన్నవాడు అద్దె గదిలో, ఎప్పుడు పడుకోవాలో ఎప్పుడు లేవాలో తెలియకుండా రోజులు లెక్కపెడతాడు. జీతం పెరిగిన మాట నిజం. అయినా కుడిపక్క సీటులో పైవరసన ఉండి, నెలకు ఎన్నిసార్లు బేస్‌కు వెళ్ళాలో తనే ఎంచుకోగలిగినవాడికి నిద్ర ఎక్కువ. ఆ ఎంపిక అందేదాకా కెప్టెన్ భుజం మీది నాలుగో చార కోసం తొందరపడకండి.

ఎంచుకునేటప్పుడు కూడా డబ్బు ఎక్కువొచ్చే ట్రిప్పులు కాకుండా, ఇల్లు వదిలే సార్లు తక్కువుండే ట్రిప్పులు తీసుకోండి. చిన్న చిన్నవి నాలుగైతే ఇంటికీ బేస్‌కూ మధ్య ఎనిమిది ప్రయాణాలు. పొడుగాటివి రెండైతే నాలుగే. కలిట్టా లాంటి కొన్ని కార్గో కంపెనీలు మాత్రం ఇంటి దగ్గరి విమానాశ్రయం నుంచే టికెట్ ఇచ్చి పంపుతాయి, బదులుగా మనిషి ఏకబిగిన రెండు వారాలకు పైగా బయటే ఉంటాడు. అంతకాలమా అని భయపడి ఆ ఉద్యోగాలు వదులుకోకండి. సగం నిద్రలో వారానికి రెండుసార్లు ఇంటికొచ్చే నాన్నకన్నా, నెలలో సగం రోజులు పూర్తిగా మేలుకుని ఉండే నాన్న పిల్లలకు ఎక్కువ దొరుకుతాడు.

ఒంట్లో బాగోలేక, రాత్రి పసిపిల్ల ఏడుపుకు నిద్ర లేక ఉంటే, అలసిపోయానని కంపెనీకి ఇంటి నుంచే ఫోన్ చేయండి. ముందు బేస్‌కు వెళ్ళి చూద్దాం అని బయల్దేరకండి. వెళ్ళాక అంత దూరం వచ్చాం కదా అనిపిస్తుంది, యూనిఫాం వేసుకున్నాక ఇంకా కష్టం. కొన్నిచోట్ల ఆ గంటలు సిక్ లీవులోంచి కోస్తారు. కోయనివ్వండి, సిక్ లీవు ఉన్నది అందుకే. ఆ ఫోన్ చేయడానికి మనిషి సంకోచిస్తుంటే ఇంట్లోవాళ్ళు ఫోన్ చేతికిచ్చి పక్కన కూర్చోవాలి.

ఇక చివరిది, నాలాంటివాళ్ళకు. రాత్రంతా ఎగిరిన మనిషిని పొద్దున్నే ఇంటికి రమ్మని తొందరపెట్టకండి. మెంఫిస్‌లోనే పడుకుని సాయంత్రం రమ్మనండి. డాలస్‌లో మనవాళ్ళ వ్రతాలు, గృహప్రవేశాలు, పుట్టినరోజులు అన్నీ శని ఆదివారాల్లోనే. శనివారం తెల్లవారి డ్యూటీ దిగిన పైలట్ పదకొండింటికి పట్టుపంచె కట్టుకుని పీటల మీద కూర్చోవాలని అందరూ ఆశిస్తారు. ఒక్క గంటే కదా అంటారు. ఆ గంట కోసం ఇటో గంట, అటో రెండు గంటలు, భోజనాలు, పలకరింపులు. ఆదివారం రాత్రికి మళ్ళీ డ్యూటీ. నేను ఒక్కదాన్నే వెళ్తాను, తాంబూలం నేనే ఇస్తాను. ఆయన పడుకున్నారని సూటిగా చెబుతాను. వేరే సాకు చెబితే మరుసటి వారం మళ్ళీ పిలుస్తారు. కొందరికి కోపమొచ్చింది, ఒకరిద్దరు మా ఇంటికి రావడం మానేశారు. ఆ బంధుత్వాలు నాకూ కావాలి. అయినా నా నిర్ణయం మారదు.

డ్యూటీకి వెళ్ళే రోజు కారు ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో పెట్టి వెళ్ళనివ్వకండి. ఇంటికొచ్చే రోజు దిగాక అరగంటో గంటో హైవే మీద తనే నడుపుకుంటూ రావాల్సి వస్తుంది. విమానంలో అయితే పక్కన ఇంకో పైలట్ ఉంటాడు, కారులో ఎవరూ ఉండరు. మీరు వెళ్ళి తీసుకురండి, కుదరకపోతే క్యాబ్ పంపండి. వచ్చిన రోజు పిల్లల్ని ఈత క్లాసు నుంచి తెచ్చే పని ఆయనకు ఒప్పజెప్పకండి. బిల్లుల సంగతి, పైపు కారుతున్న సంగతి మర్నాడు చెప్పండి.